మెట్లు రెండుసార్లు కట్టిన పిన్ని

మా ఎదురింటి పిన్ని మొన్న సోమవారం పొద్దున్న పోయింది. కొట్టు తలుపులు తీసి, వాకిట్లో నీళ్ళు చల్లి, గునపాలు తెచ్చి బయట గోడకి చేరేసి, కుర్చీలో కూర్చుందట. కూర్చున్న మనిషి మరి లేవలేదు. నేను డ్యూటీకి యూనిఫాం వేసుకుంటూంటే పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చి చెప్పారు. నమ్మలేదు సరికదా, చెప్పినవాళ్ళ మీద కేకలేశాను. ముందురోజు సాయంత్రం వరకూ నాతో కొండమీద తుప్పలు నరికిన మనిషి, తెల్లారేసరికి లేదంటే ఎవరు నమ్ముతారు? ఇన్నేళ్ళుగా నర్సు పని చేస్తున్నదాన్ని, చావు నాకు కొత్త కాదు. అయినా ఆవిడ నాడి చూశాక కూడా, కళ్ళు తెరిచి ‘ఏటే గుంటా, అలగ సూత్తన్నావు?’ అంటుందేమోనని పక్కనే కూర్చుండిపోయాను.

పాడేరులో మా వీధికంతటికీ ఆవిడ ఇనప కొట్టు పిన్ని. విజయనగరం దగ్గర పల్లపు ఊరి నుంచి కోడలిగా కొండెక్కి వచ్చింది. బాబాయి పోయాక కొట్టు తనే నడిపింది. కొండల్లోంచి సంతకి దిగినవాళ్ళు గునపమైనా, పారైనా, కత్తైనా ఆవిడ దగ్గరే కొనేవారు. వాళ్ళు నడిచొచ్చిన బాటల కష్టాలు వినీ వినీ, ఒక ఆదివారం తనే చూసొద్దామని బయల్దేరింది. తిరిగొచ్చేసరికి చీర కుచ్చిళ్ళు చిరిగిపోయి ఉన్నాయి, మోచెయ్యి గీరుకుపోయి ఉంది. ఆ చీరతోనే వీధిలో ఇంటింటికీ తిరిగి, వచ్చే ఆదివారం ఎవరెవరు వస్తారని అడిగింది. అలా పుట్టింది మా బాటల సంఘం. జీతం లేదు, భత్యం లేదు, ఒళ్ళు నొప్పులు మాత్రం దండిగా ఉంటాయి. చూసి నవ్వినవాళ్ళందర్నీ ఆవిడ వరసగా మెంబర్లని చేసేసింది.

మేము క్రైస్తవులం, ఆదివారం ఆరాధన మానే అలవాటు మా ఇంట్లో లేదు. పిన్ని ఎన్నడూ మానమనలేదు. జీపు చర్చి గేటు బయట పెట్టించి, గునపాల మధ్య కూర్చుని ఎదురు చూసేది. ప్రసంగం మరీ సాగితే జీపు హారన్ ఒక్కసారి మోగేది. మా పాస్టరుగారు మొదట్లో చిరాకు పడ్డారు, తర్వాత నవ్వారు, ఆ తర్వాత ఆయనే ప్యాంటు మడిచి మాతో జీపెక్కడం మొదలుపెట్టారు. పిన్ని విభూతి బొట్టుతోనే ఆయనకి పార అందించి, “పెసంగంలో ఉన్న జోరు ఇక్కడ కూడా సూపించండి పాస్టరుగారూ” అనేది.

ఆవిడకి కొన్ని మొండి పట్టింపులుండేవి. కొట్లోంచి పనిముట్టు ఊరికే అరువిచ్చేది కాదు. గునపం అడిగితే, గునపం ఒక్కటీ రాదు, నేనూ దానితో వస్తాను అనేది, అన్నట్టే వచ్చేది. తుప్ప నరికితే మొదలంటా నేలకి నరకాలి, సగం ఒదిలితే రేపు ఎవరి కాలిలోనో దిగుతుందని వెనక్కి పంపేది. విశాఖపట్నం నుంచి కుర్రకారు ఉత్సాహంగా వచ్చి, బండల మీద రంగుతో బాణం గుర్తులు వేస్తామన్నారు ఓసారి. పిన్ని వాళ్ళని కిందా మీదా చూసి, ఈ బాటన నడిచేవాళ్ళకి తమ ఇల్లెక్కడుందో బాణం గీసి చెప్పాలా నాయనా అంది. రంగు డబ్బాలు జీపులోనే ఉండిపోయాయి. ఆ కుర్రాళ్ళు మాత్రం మళ్ళీ మళ్ళీ వచ్చారు, ఆవిడ చేత చివాట్లు తినడానికే వస్తున్నామనేవారు.

బాట మీద నీళ్ళు నిలవకుండా అడ్డంగా చిన్న కాలవ తీసి పక్కకి తప్పించడం మా పనిలో ముఖ్యమైనది. అది చేస్తున్నప్పుడల్లా ఆవిడ ఒకటే మాట చెప్పేది. “కొండతో పేచీ ఎట్టుకోకండి. నీటికి ఎల్లడానికి సోటిత్తే, మన బాట జోలికి అది రాదు.” ఈ మాట కొట్లో ఇద్దరు మనుషులు పోట్లాడుకుంటున్నప్పుడు కూడా వాడేది. పనిచేసేది కూడాను.

ఇప్పుడు ఆవిడ గురించి అందరికీ తెలియాల్సిన సంగతి చెబుతాను. కనుమకి అవతల పైఊరు అని ఓ చిన్న ఊరుంది. ఆటోలు కొండ కిందివరకే వస్తాయి. అక్కణ్ణించి నడకే. రోగినైనా, నిండు గర్భిణినైనా డోలీ కట్టి, కనుమ దాటించి, గెడ్డ అని మేము పిలిచే కొండవాగు పక్కనున్న నిట్టనిలువు దారిలో దింపాలి. వానాకాలం ఆ గెడ్డదారి సబ్బులా జారుతుంది. డోలీతో సహా పడిపోయినవాళ్ళకి కట్లు కట్టిన చేతులు నావి. అందుకని ఐదేళ్ళ కిందటి వేసవిలో గెడ్డ జోలికి పోకుండా, కనుమ నుంచి పక్కవాలులో రాతిమెట్లు కట్టాలని పిన్ని పట్టుబట్టింది. వానలు దిగేలోగా అయిపోవాలంది.

అది చైత్ర పండగ సమయం. పండగ రోజుల్లో కొండవాళ్ళు పార ముట్టుకోరు, మగాళ్ళు వేటకి పోతారు, ఊరంతా ఆటపాటల్లో ఉంటుంది. కాబట్టి పైఊరి నుంచి ఒక్కరూ రాలేదు, మేమే పని మొదలుపెట్టాం. కనుమ మీద ఓ పక్క తుప్పలు కమ్ముకున్న పెద్ద రాళ్ళగుట్ట కనిపించింది. ఎప్పుడో రోడ్డు వేస్తామని వచ్చి పారిపోయిన కంట్రాక్టరు ఒదిలేసిన రాయి అనుకుంది పిన్ని. మేమూ అదే అనుకున్నాం. బాటలు కట్టేవాళ్ళకి రాయి కనిపిస్తే మెట్టులాగే కనిపిస్తుంది. దేవుడే పోగేసి పెట్టాడని సంబరపడి, గుట్టంతా కరిగించి మెట్లు కట్టేశాం. ఎంత బాగా కుదిరాయంటే, పిన్ని పైనుంచి కిందికి పెళ్ళికూతురిలా దిగి చూపించింది, మేమంతా చప్పట్లు కొట్టాం.

పండగ అయ్యాక వచ్చిన సంతనాడు పైఊరివాళ్ళు ఏమంటారోనని పిన్ని పొద్దుణ్ణించీ కొట్టు గుమ్మంలోనే ఉంది. వాళ్ళొచ్చారు. అందరి కాళ్ళకీ గెడ్డ బురదే. పసుపు అమ్ముకోవడానికొచ్చే ఒకమ్మాయి మాకు బాగా తెలుసు. అదే ఊళ్ళో పుట్టి, అదే ఊళ్ళో మెట్టింది. అప్పటికి నెలలు నిండుకొస్తున్నాయి. ఆ అమ్మాయి కూడా గెడ్డదారినే, చెట్ల వేళ్ళు పట్టుకుని దిగివచ్చింది. మెట్లుండగా ఇదేం పనని పిన్ని కేకలేసింది. అమ్మాయి తల దించుకుని చెప్పింది.

“అవి తల్లికెట్టిన రాళ్ళమ్మా. నాను కడుపులో ఉన్నప్పుడు మాయమ్మెట్టిన రాయి కూడా అందులోనే ఉంది. దాని మీద కాలెలాగెయ్యను?”

కనుమ దాటే ప్రతి మనిషీ, తనవాళ్ళు చల్లగా ఉండాలని కొండతల్లిని తలుచుకుని ఓ రాయి పెట్టి వెళ్ళడం ఆ ఊరివాళ్ళకి తాతల నాటి నుంచీ ఉంది. మేము విప్పేసింది వాళ్ళ మొక్కుల్ని. పిన్ని సంతనాడు కొట్టు మూసేసింది. ఆ వీధిలో అలాంటిది ఎవరూ ఎన్నడూ చూడలేదు.

ఆ సాయంత్రం సంఘంలో పెద్ద రగడయింది. ఓ కొబ్బరికాయ కొట్టి శాంతి చేయిస్తే సరిపోతుందని కొందరన్నారు. రాయి రాయే కదా, నిదానంగా నచ్చజెబుదామని ఇంకొందరన్నారు. వానలు ముంచుకొస్తున్నాయి, కట్టిన మెట్లు విప్పితే మళ్ళీ కట్టే టైమేదని అందరి భయమూనూ. భయం నిజమైనదే. ఆ అమ్మాయి నెలలు ఎవరి కోసమూ ఆగవు. పిన్ని అన్నీ విని లేచి నిలబడింది.

“తప్పు మనం సేసి, సర్దుకోమని ఆళ్ళకి సెప్పడవేటి? తీసిన సేత్తోనే ఎట్టాలి. నానైతే రేపే ఎల్తన్నాను. వొచ్చినోళ్ళు రండి, రానోళ్ళు గునపాలు తిరిగిచ్చీండి.”

మర్నాడు ఆవిడతోపాటు నేనూ పాస్టరుగారూ పైఊరు వెళ్ళాం. ఊరిపెద్ద ఇంటిముందు నేలమీదే కూర్చుని, రాళ్ళు తీయించింది తనేనని, తెలియక చేశానని, తిరిగి పెట్టడానికి సెలవిమ్మని అడిగింది. నసగడం లేదు, నెపాలు లేవు. ఆ పెద్దాయన చుట్ట పక్కన పెట్టి, తల్లి ఏటీ అనుకోదు, బాధ మాదేనమ్మా అన్నాడు. ఎవరు తీశారో వాళ్ళే మోసుకెళ్ళి పెట్టాలని, ఏ ఒక్క రాయీ కింద ఉండిపోకూడదని చెప్పాడు.

ఇక చూడండి. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులకి నా దగ్గరే మాత్రలు తీసుకునే మనిషి, చీర దోపుకుని, తలమీద పాతగుడ్డ చుట్టకుదురు పెట్టుకుని, తను ముచ్చటపడి కట్టించిన మెట్లని తన గునపంతోనే పీకడం మొదలుపెట్టింది. ఒక్కో రాయీ కడిగి, పైకి మోసి, చేతులు జోడించి మరీ పెట్టింది. మెంబర్లు మొదటి రోజు కొందరే ఉన్నారు. సిగ్గుపడో, ఆవిడ నోటికి భయపడో, మిగతావాళ్ళూ వచ్చారు. పైఊరివాళ్ళు గట్టు మీద కూర్చుని చూసేవారు, పలకరించేవారు కాదు. ఆకాశం నైరుతి వైపు నల్లబడుతూ ఉండేది. నాకు ఏడుపొచ్చేది. ఆవిడ మాత్రం, ఏడిత్తే రాయి తేలికవుద్దా గుంటా, బేగి ఎత్తు అనేది.

గుట్ట సగానికి పైగా లేచిన రోజు, పసుపు అమ్మే ఆ అమ్మాయి నెమ్మదిగా నడిచొచ్చింది. చేతిలో చోడి అంబలి ముంత ఉంది. ముంత పిన్ని చేతిలో పెట్టి, తాగినంతసేపూ పక్కనే నిలబడింది. ఆ వెనకే ఊరిపెద్ద, ఆయన వెనక మగాళ్ళు, ఆడాళ్ళు గట్టు దిగి వచ్చారు. అడగనైనా అడగకుండా గెడ్డలోకి దిగి రాళ్ళెత్తడం మొదలుపెట్టారు. మెట్లకి గెడ్డరాయి, గుట్టకి తల్లిరాయి. ఒక వరసలో పైకి పోతున్నవి, ఇంకో వరసలో పక్కకి పోతున్నవి. ఆ వాలులో అంతమంది ఒక్కసారి పనిచెయ్యడం నేను చూడలేదు, మళ్ళీ చూస్తానో లేదో. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు, పైఊరి ఆడవాళ్ళు తమ పాట ఎత్తుకున్నారు, రెండూ ఒకదానికొకటి కలవలేదు, ఎవరూ ఆపలేదు. ఆఖరి మెట్టు పడిన మధ్యాహ్నమే వాన దిగింది. మేమెవరమూ చెట్టు కిందికి పోలేదు. కొత్త మెట్ల మీంచి నీళ్ళు పక్క కాలవలోకి తిరగడం చూస్తూ, తడుస్తూ, పిచ్చివాళ్ళలా అరిచాం.

కొన్నాళ్ళకి, ముసురు పట్టి కొండ కనిపించని ఓ మధ్యాహ్నం, ఆసుపత్రిలో నేను డ్యూటీలో ఉండగా ఆ అమ్మాయిని తీసుకొచ్చారు. బిడ్డ అడ్డం తిరిగింది. ఇంకాస్త ఆలస్యమైతే తల్లీబిడ్డల్లో ఎవరూ దక్కేవారు కాదని డాక్టరమ్మ అంది. దక్కారు. ఇద్దరూ దక్కారు! ఆడపిల్ల, ఆసుపత్రి పైకప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. కబురు తెలిసి పిన్ని గొడుగు కూడా లేకుండా వచ్చింది. మగా ఆడా అని అడగలేదు, తల్లెలా ఉందనీ అడగలేదు. వరండాలో ఒళ్ళు తుడుచుకుంటున్న డోలీ మోతగాళ్ళ ముందు నిలబడి అడిగింది.

“ఏ దారినొచ్చేరు?”

“మెట్ల మీంచేనమ్మా. కాలు జారనేదు.”

పిన్ని బల్ల మీద కూలబడి నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నన్ను ఒక్కటేసి, నిలబడి సూత్తావేటి, ఆళ్ళకి వేడిగా టీ తేవే అంది. ఆ దెబ్బ వీపు మీద ఇప్పటికీ హాయిగా ఉంది.

ఆవిణ్ణి సాగనంపిన రోజు పైఊరు ఊరంతా దిగివచ్చింది. పాడె తాము మోస్తామని ఆ మోతగాళ్ళే, కబురందుకుని పొరుగూరి నుంచి వచ్చిన పిన్ని కొడుకుని అడిగారు. మా పాస్టరుగారు, మా వీధి పెద్దలు, విశాఖపట్నం కుర్రాళ్ళు, అందరం వెనక నడిచాం. దుఃఖం ఉంది, లేదనను. కానీ ఆ ఊరేగింపులో ఓటమి లేదు. ఇంత గెలిచి పోయిన మనిషిని నేనెరగను.

నిన్న ఆదివారం సంఘం మామూలుగానే కొండెక్కింది. నేను కనుమ దగ్గర తుప్పలు కొడుతూ కిందికి చూశాను. ఆ పసుపు అమ్మాయి నెత్తిమీద మూటతో మెట్లు దిగుతోంది. ఎవరిదో పెళ్ళి గురించి, వెనకొస్తున్న ఇంకొకామెతో మెడ తిప్పి వాదిస్తోంది. ముందు దాని కూతురు చేతులూపుకుంటూ గెంతుతోంది. వాన జల్లు పడుతోంది. ముగ్గురిలో ఒక్కరు కూడా కాళ్ళకేసి చూసుకోలేదు.