వియ్యంకుడు తిన్న బంటు

పోయిన ఆదివారం కర్నూలులో మా బావ చదరంగం బోర్డును కిందనుంచి చేత్తో ఎగదోశాడు. ఏనుగు ఒకటి పోయి మజ్జిగ గ్లాసులో పడింది. గుర్రాలు కూలర్ కిందికి దొర్లాయి. ఎదురుగా కూర్చున్న కడప వియ్యంకుడు కదల్లేదు. అప్పుడే తిన్న తెల్లబంటు ఆయన గుప్పిట్లో అట్లాగే ఉంది. "లెయ్యప్పా, లేసి మీ కడపకు పో. నన్ను సాగనంపేదానికే గదా వచ్చినావు, అయిపాయ, పో!" అన్నాడు మా బావ. గుండె ఆపరేషన్ అయ్యాక మెట్లు కూడా ఎక్కొద్దని డాక్టర్లు చెప్పిన మనిషి, వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినిపించేట్టు అరిచాడు. మా అక్క గరిటె చేత్తో పట్టుకొనే వంటింట్లోనుంచి పరిగెత్తుకొచ్చింది. వియ్యంకుడు చెప్పులేసుకున్నాడు. "బంటు పెట్టిందెవరు, తిన్నదానికి అరిచేదెవరు?" అని గడప దగ్గర ఒక్క మాట అనేసి, భోజనం చేయకుండా బస్టాండుకు పోయాడు.

ఒక బంటు తిన్నందుకు ఇంత రాద్ధాంతమా అని ఎవరికైనా అనిపిస్తుంది. తినమనే మా బావ దాన్ని ముందుకు పెట్టాడు. కానీ అదే బంటును మా బావ ఎన్నో ఏళ్లుగా ముందుకు పెడుతూనే ఉన్నాడు, వియ్యంకుడు ఎన్నో ఏళ్లుగా తినకుండానే ఉన్నాడు. వాళ్ల స్నేహమంతా ఆ తినకపోవడం మీదే నడిచింది. అది చెప్పాలంటే మా బావ ఆట గురించి చెప్పాలి.

మా బావ కర్నూలు కోర్టులో వకీలు. మా అక్కను చేసుకున్న కొత్తలోనే నాకు చదరంగం నేర్పాడు, నేర్పుతూనే తిట్టాడు. ఆట మొదలుపెట్టే పద్ధతిని ఓపెనింగ్ అంటారు; ఆయనకు తెలిసింది ఒక్కటే, కింగ్స్ గాంబిట్. రాజు ముందున్న బంటును రెండు గళ్లు జరుపుతాడు. అవతలివాడు కూడా అట్లాగే జరిపితే, వెంటనే ఒంటె ముందున్న బంటును దాని పక్కకు తెచ్చి ఊరికే ఇచ్చేస్తాడు. ఇచ్చి, కుర్చీలో వెనక్కి వాలి, మీసం సర్దుకుంటాడు. అవతలివాడు బంటు తిన్నాడా, ఇక మా బావకు పండగ. తిన్నవాడు దాన్ని కాపాడుకోవడంలో ఉండగా ఈయన గుర్రాన్నీ ఒంటెనూ బయటికి తెచ్చి మీద పడతాడు. కోర్టులో ఎదుటివాళ్ల సాక్షిని క్రాస్ చేయడమూ ఆయనకు ఇట్లాగే అలవాటు. మొదట సాక్షికి ఇష్టమైన మాట ఒకటి ఒప్పేసుకుంటాడు. సాక్షి ఆ సంతోషంలో ఉండగానే అసలు ప్రశ్న వేస్తాడు. ఈ ఓపెనింగ్‌లో రాజు ముందు తలుపులు బార్లా తెరుచుకుంటాయని, పెద్ద ఆటగాళ్లు దాన్ని ఎప్పుడో వదిలేశారని నేను పుస్తకం చదివి వచ్చి చెప్తే, "వాళ్లు గెల్చేదానికి ఆడతారు రా. నేను ఆడేదానికి ఆడతా. దాంకొని గెల్చేది కూడా ఒక గెలుపేనా?" అన్నాడు.

నా ఆట వేరు. నేను పనిచేసిన పత్రిక డెస్కులో, పేజీలు రావడం ఆలస్యమైన మధ్యాహ్నాలు, పాత టెలిప్రింటర్ గదిలో ఆడేవాళ్లం. నాది లండన్ సిస్టం. అవతలివాడు ఏమాడినా నా బంట్లు, ఒంటె, గుర్రం అవే గళ్లలోకి పోయి కూర్చుంటాయి. రోజూ వార్త మారినా పేజీ కట్టే పద్ధతి మారనట్టు. ఇందులో నాకు దొరికే సుఖమేమిటంటే మొదట కాసేపు బుర్ర పెట్టక్కర్లేదు. మా డెస్కు ఇన్‌ఛార్జికి సిసిలియన్ అనే ఓపెనింగ్ అంటే ప్రాణం. నువ్వు రాజు వైపు నుంచి వస్తే నేను పక్కదారిలో నిలబడతాను అన్నట్టు, మొదటి ఎత్తులోనే తగువు. ఆయన మనుషులతో మాట్లాడేదీ అంతే, నమస్కారం పెడితే "ఏం తప్పు చేసినావు?" అని అడిగేవాడు. మనిషి బుద్ధి తెలుసుకోవాలంటే జాతకం అక్కర్లేదు, మొదటి నాలుగు ఎత్తులు చూస్తే చాలని అక్కడే నాకు అనిపించింది. ఆట నడిమధ్యలో అందరం అవతలివాడు తోసినట్టే పోతాం. మొదట్లో మాత్రం ఎవరిష్టం వాళ్లది. అందుకే ఇష్టమైన ఓపెనింగ్‌ను ఎవరూ అంత తేలిగ్గా వదులుకోరు, ఓడిపోతున్నా సరే.

కడప వియ్యంకుడు మా ఇళ్లలోకి వచ్చింది పెళ్లిచూపులకు. అప్పుడాయన నీటిపారుదల శాఖలో ఇంజనీరు. కొడుకును, భార్యను వెంటబెట్టుకొని ఎండలో కడప నుంచి వచ్చాడు. లోపల ఆడవాళ్లు నా మేనకోడలితో మాట్లాడుతుంటే, వరండాలో మగవాళ్లకు మాటలు అయిపోయాయి. వానలు, రోడ్లు, నంద్యాల దగ్గర బస్సు ఆగిన సంగతి, అన్నీ అయిపోయాయి. టీపాయ్ మీదున్న బోర్డు చూసి ఇంజనీరు, "ఆడతారాప్పా?" అన్నాడు. మా బావ మొహం వెలిగిపోయింది. రెండో ఎత్తుకే బంటును ముందుకు తెచ్చి పెట్టాడు.

మాలో ఒక ఆచారం ఉంది. సంబంధం ఖాయమయ్యేదాకా పిల్లవాడివైపు వాళ్లు పిల్ల ఇంట్లో భోజనం చేయరు. కాఫీ, కారం బొరుగులు వరకు సరే, విస్తరి ముందు మాత్రం కూర్చోరు. మా అక్క ఎంత బతిమాలినా ఆరోజు కూడా వాళ్లు కూర్చోలేదు. ఇంజనీరు ఆ బంటును చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని ముట్టుకోకుండా తన ఒంటెను బయటికి తీసి, "సంబంధం తేలేదాకా ఈ ఇంట్లో ఏమీ తినగూడదంటారప్పా మా పెద్దోళ్లు. బంటైనా అంతే గదా," అన్నాడు. మా బావ ఎంత గట్టిగా నవ్వాడంటే లోపలి ఆడవాళ్లు సంబంధం కుదిరిపోయిందనుకొని బయటికొచ్చారు. నిజానికి కుదిరింది అప్పుడే. పిల్ల, పిల్లవాడు ఒకరినొకరు ఏమనుకున్నారో అడిగింది తర్వాత.

పెళ్లయింది. మరుసటి నెల ఇంజనీరు వచ్చినప్పుడు మా బావ మళ్లీ బంటు పెట్టాడు. "ఇప్పుడు తినొచ్చు గదప్పా? మా కోడికూర తిన్యావు, సంకటి తిన్యావు. దీనికేమొచ్చె?" ఇంజనీరు మళ్లీ ఒంటెనే బయటికి తీశాడు. ఆయన అసలు ఆటే అది. ఉన్నదాన్ని నిలబెట్టుకొని, అవతలివాడు తొందరపడేదాకా కూర్చోవడం. ఉద్యోగమంతా నీళ్లు ఎప్పుడు వదలాలో, ఎప్పుడు గేటు దించాలో చూసుకున్న మనిషి. ఊరికే వచ్చింది కదాని ఏదీ ముట్టుకోడు. బంట్లన్నీ ఒకదానికొకటి ఆనుకొని చెరువుకట్టలాగా నిలబడితే ఆయనకు నిద్ర పట్టినంత హాయి. మా బావకు అదే ఒంటికి కారం రాసినట్టుండేది. "ఇంటికొచ్చి, పెట్టింది తినకుండా, మంచినీళ్లు తాగి కూర్చునేవాడు మనిషేనా?" అని నాతో తిట్టేవాడు. తిట్టి, మళ్లీ ఆయన ఎప్పుడొస్తాడా అని కడపకు ఫోన్ చేసేవాడు. మా బావ చాలాసార్లు ఓడిపోయాడు, కొన్నిసార్లు గెలిచాడు. బంటు మాత్రం ఏనాడూ వియ్యంకుడి చేతికి పోలేదు. ఒకసారి అహోబిలం పోయి వస్తూ అందరం మా బావ ఇంట్లో దిగినప్పుడు, ఆయన మరీ గట్టిగా అడిగాడు: "అసలు ఎప్పుడు తింటావప్పా నువ్వు?" ఇంజనీరు పావును వేళ్ల మధ్య తిప్పుతూ, "తినేస్తే ఇంగ ఈడికి వచ్చేదానికి పనేముంటాదప్పా? మన ఆఖరాట రోజు తింటాలే," అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

తర్వాత ఈ ఎండాకాలం మొదట్లో మా బావకు గుండె ఆపరేషన్ అయింది. హైదరాబాదు నుంచి తీసుకొచ్చాక ఇంట్లో జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. డాక్టర్లు ఉప్పు తగ్గించమన్నారు, తగ్గించాడు. బొరుగుల ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీ వద్దన్నారు, సరేనన్నాడు. ఆయనకు కోపం తెప్పించొద్దని మా అందరికీ చెప్పారు. అంతే, ఇల్లు ఇల్లంతా పత్తి చుట్టినట్టయిపోయింది. ఆయన ఏమన్నా ఔననడమే. ముప్పొద్దులా వాదించుకుంటూ కాపురం చేసిన మా అక్క, కూరలో పులుపెక్కువైందని ఆయనంటే "ఔను, నాదే తప్పు," అంది. ఆమె ఆ మాట అనడం నేను పుట్టాక అదే మొదటిసారి వినడం. జూనియర్లు వచ్చి, ఆయన కావాలని తప్పు సెక్షన్ చెప్పినా తల ఊపి పోయారు. పక్కింటాయన రాజకీయాల్లో ఆయన పార్టీవైపే మారిపోయాడు. బతుకంతా ఎదురుమాట మీద బతికిన మనిషికి ఎదురుమాట లేకుండా చేసి, దానికి జాగ్రత్త అని పేరు పెట్టారు. ఒకరోజు నేను కుర్చీ లాక్కొని కూర్చుంటే మెల్లగా అన్నాడు: "మీరంతా ఇప్పట్నుంచే నా దినాలకు వచ్చినట్టు మాట్లాడతాండారు రా." నేను ఆయనతో పోట్లాడటానికి ఏదో సంగతి వెతికాను. ఆ పూటకు ఏదీ దొరకలేదు.

"మా వియ్యంకుడు వస్తాండాడు ఆదివారం. వాడు మాత్రం నన్ను నున్నగా ఓడిస్తాడు," అని ఆ వారమంతా ఎదురుచూశాడు. ఆ గొంతులో నేను చాలా రోజుల తర్వాత మా బావను విన్నాను. ఆదివారం పొద్దునే గడ్డం గీయించుకున్నాడు. పావులన్నీ తడిగుడ్డతో తుడిపించాడు. వియ్యంకుడు వచ్చాడు, రెండు పుచ్చకాయలు తెచ్చాడు, ఆరోగ్యం గురించి ఒక్క మాటా అడగలేదు. అది మా బావకు నచ్చింది. బోర్డు పరిచారు. రాజు ముందు బంటు, అటునుంచీ రాజు ముందు బంటు. మా బావ ఒంటె ముందున్న బంటును ముందుకు పెట్టి, వెనక్కి వాలి, మీసం మీద చెయ్యి వేశాడు.

వియ్యంకుడు చెయ్యి చాచి ఆ బంటును తీసుకున్నాడు. "ఎన్నిసార్లని వద్దంటాప్పా. నీ ఇష్టమే కానీ, తింటా," అన్నాడు.

మా బావ చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. "ఎవరు చెప్పినారు నీకు?"

"ఏం చెప్పేదప్పా?"

"నాది ఆఖరాట అని ఎవరు చెప్పినారు? మా ఇంటిదా? నా బిడ్డా?"

వియ్యంకుడు నోరు తెరిచేలోగా బోర్డు గాల్లో ఉంది.

నేను పత్రికలో పనిచేసినవాణ్ని కాబట్టి రెండువైపులా అడగడం అలవాటు. మరునాడే కడపకు ఫోన్ చేశాను. మేనకోడలు ఏడుస్తూ, "మామా, మా మామగారితో నేను చెప్పింది ఒక్కటే, నాయనకు కోపం రాకుండా చూసుకోండని. ఓడిపొమ్మని చెప్పలేదు, బంటు సంగతి అసలు ఎత్తలేదు," అంది. తర్వాత వియ్యంకుడు ఫోన్ తీసుకున్నాడు. ఆయనకూ బాగా కోపంగా ఉంది. "మనవడు నా ఫోన్లో చెస్సు పెట్టిచ్చినాడు. అందులో కంప్యూటరు ఆ బంటును తినమనే చెప్తాది. తిని ఎట్లా నిలబడాల్నో ఈ ఎండాకాలమంతా కూర్చోని నేర్సుకున్యా. ఆయప్పను ఆయప్ప ఆటలోనే ఓడిద్దామని వచ్చినా. జాలిపడేదానికి నేనెవర్ని?" అన్నాడు. ఆఖరాట రోజు తింటానని మీరే అన్నారు కదా అంటే, "ఎప్పుడో నవ్వులాటకన్న మాట నాకు యాడ గుర్తుంటాదప్పా," అన్నాడు.

నమ్మాలో లేదో నాకు తెలియదు. నిజంగా నేర్చుకొని వచ్చాడా అంటే, ఇంకో నాలుగు ఎత్తులు ఆడనిచ్చి ఉంటే తేలిపోయేది. బావ ఆడనివ్వలేదు. నిజంగా మరిచిపోయాడా అంటే, కాలువల నీటిమట్టాలు ఇప్పటికీ నోటికి చెప్పే మనిషి ఆయన. వియ్యంకుడు చెప్పిందంతా పొల్లుపోకుండా బావకు చెప్పాను. ఆయన కంప్యూటరు మాట దగ్గర ఒక్క క్షణం తలెత్తాడు. "గుర్రం బయటికి తెస్తే ఏం ఆడమంటాదంట అది?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. మళ్లీ మొహం తిప్పుకున్నాడు.

పావులు ఏరుకుంటే తెల్లబంటు ఒకటి తక్కువైంది. అది వియ్యంకుడి గుప్పిట్లోనే కడపకు పోయింది. మా అక్క ఆ గడిలో చింతగింజ పెట్టింది. బావ దాన్ని తీసి కిటికీలోనుంచి విసిరేశాడు. దాంతో బావ ఆపరేషన్ అయ్యాక మొదటిసారి మా అక్కకు నిజమైన కోపం వచ్చి, "గుండె జబ్బుంటే జబ్బుగా ఉండు, నా మింద చూపించొద్దు!" అని అరిచింది. ఆయన కూడా అరిచాడు. ఆ పూట ఇద్దరూ బాగా తిన్నారని పనిమనిషి చెప్పింది. కొత్త సెట్టు తెస్తానంటే నన్ను కూడా కసిరాడు. "తీస్కపోయినోడే తేవల్ల," అంటాడు. "నా అంగీ జేబులోనే ఉండాది. అడిగితే ఇస్తా, అడగమను," అంటాడు కడపాయన. మేనకోడలు వచ్చేవారం పుట్టింటికి వస్తూ బంటును తన సంచిలో వేసుకొస్తానంది. ఇద్దరూ వద్దన్నారు, చెరొక ఫోన్‌లో, ఒకే మాటతో.

ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లు. ముందింకా బోలెడంత కాలం పడి ఉన్నట్టు అలిగి కూర్చున్నారు. చూస్తుంటే నాకు ఇద్దరి మీదా కోపం వస్తుంది. నిన్న సాయంత్రం పోతే బావ బోర్డు పరిచి, తెల్లపావుల వైపు కూర్చొని ఉన్నాడు. ఒంటె ముందు గడి ఖాళీగా ఉంది. ఇప్పటిదాకా అటునుంచి ఫోన్ రాలేదు, ఇటునుంచి పోలేదు. బంటు కడపలోనే ఉంది.