పాటతో కొలిచిన వాగు

వాన మొదలైతే భూపాలపల్లిలో మా ఇంటి వెనక బట్టలారేసే కొబ్బరితాడు తడిసి ఒక వాసన వస్తుంది. కాస్త పులుపు, కాస్త మట్టి కలిసిన ఆ వాసన తగలగానే నా అరచేతులు చల్లబడతాయి. నడుము చుట్టూ ఏదో ఉన్నట్టు తడుముకుంటాను. ఇన్నేళ్ళయినా ఆ భయం పోలేదు. దాని వెంటే సామేలు బాపు కూడా గుర్తుకొస్తాడు.

ఆయన మాకు చుట్టం కాదు. బయ్యారం దగ్గర మా పుట్టింటి ఊళ్ళో చర్చి సంఘానికి పెద్ద. వయసులో ఉండగా సరుకుల ఓడల్లో పనిచేసి, అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాడు తిరిగొచ్చాడు. బస్సులు బందయితే మానుకోట స్టేషన్ నుంచి భుజాన తాడు చుట్టతో నడిచొచ్చాడట. సముద్రం లేని ఊరికి ఓడ తాడెందుకని అందరూ నవ్వారు. ఆదివారం బడిలో ఆయన మాకు వాక్యంతో పాటు ముడులు నేర్పేవాడు. నడుముకు వేసే ముడిని మాత్రం కళ్ళు మూసుకొని వేయమనేవాడు. "లాగినకొద్దీ బిగిసే ముడి మనిషిని ఆపుతది, ఊపిరి సుత ఆపుతది. గిది బిగియది, జారది. గిదే నేర్సుకోండ్రి."

మా సంఘంలో నీళ్ళలో ముంచి ఇచ్చే బాప్తిస్మాలు వాగులోనే. ఎవరైనా దిగేముందు బాపు ఆ తాడుతో వాగు వడి కొలిచేవాడు. తాడు కొసకు చెక్కముక్క, తాడు పొడవునా సమాన దూరంలో ముడులు. చెక్కను నీళ్ళలో వేస్తే వడికి అది తాడును లాక్కుపోతుంది, ముడులు ఒక్కొక్కటే చేతిలోంచి జారుతాయి. పూర్వం ఓడ వేగాన్ని ఇలాగే కొలిచేవారట, అందుకే నేటికీ దాన్ని ముడుల లెక్కన, నాట్లలో చెబుతారట. ఓడ మీద సమయానికి ఇసుక గడియారం. మాకు పాట. సంఘమంతా ఒక పల్లవి పాడి ముగించేలోపు మూడో ముడి జారితే ఆ రోజు ఎవరూ దిగకూడదు.

"ఏందే సామేలూ, దేవుని మీద నమ్మకం లేదా? దర్జీ లెక్క వాగును కొలుస్తవ్?" అని మా సంఘంలోని మరియవ్వ ఎగతాళి చేసేది.

"కొలవక కుట్టిన అంగీ ఎవలకు పడ్తదవ్వా?" అనేవాడు. తర్వాత మావైపు తిరిగి, బైబిల్లో క్రీస్తు అపొస్తలుడు ఎక్కిన ఓడ తుఫానులో చిక్కిన అధ్యాయం గుర్తుచేసేవాడు. "ఆ రాత్రి ఓడలోళ్ళు మొక్కిండ్రు. లోతు సుత కొలిచిండ్రు. రెండు చేసిండ్రు బిడ్డా."

నాకు పెళ్ళి కుదిరిన ఏడు నా వంతు వచ్చింది. బాప్తిస్మం లేకుండా పెళ్ళి జరగదని అబ్బాయివాళ్ళ సంఘం చెప్పింది. జనగామ నుంచి పాస్టరయ్యగారు వచ్చారు. ముందు రోజు గుట్టల్లో వాన పడి వాగు ఎర్రగా, ఇనుపమట్టి రంగులో పారుతోంది. నాకు చిన్నప్పటి నుంచీ నీళ్ళంటే వణుకు.

"బాపూ, భయమైతాంది."

"నాకు సుత అయితాంది. జర నడుముకు ఇంకో కొబ్బరితాడు కట్టనియ్యి."

పాట మొదలైంది. అందరి కళ్ళూ ఆ ఎర్రనీళ్ళ మీదే. రెండో ముడి జారింది. మూడోది బాపు వేళ్ళదాకా వచ్చింది. అప్పటికి పల్లవి అయిపోయింది. "స్తోత్రం!" అన్నారు అంతా. నేను దిగాను.

అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టేలోపే కాళ్ళకింద ఇసుక కదిలింది. నోట్లో మట్టి, కళ్ళలో ఎర్రటి చీకటి. దేవుని పేరు కూడా రాలేదు. అంతలో నడుము దగ్గర తాడు పట్టి నిలిపింది. బిగియలేదు, జారలేదు. ఒడ్డున తాడు కొస పట్టుకున్నవాళ్ళు నన్ను లాగారు, అయ్యగారిని చేతులు పట్టి పైకి తెచ్చారు. నేను దగ్గుతుంటే మరియవ్వ ఏడుస్తూనే అడిగింది: "పిల్ల మునిగింది గదా అయ్యగారూ, బాప్తిస్మం అయినట్టేనా?"

బాపు నవ్వలేదు. నీళ్ళు పెరిగితే తెలిసేలా నీటి అంచున తాను ముందే గుచ్చిన పుల్లను చూశాడు. వాగు పెరగలేదు. "ఆదివారం పాడినట్టు పాడుండ్రి" అన్నాడు. చెక్క మళ్ళీ వేశాడు. పల్లవి సగంలోనే రెండో ముడి పోయింది, ముగిసేలోపు మూడోది, నాలుగోది కూడా. ఆయన బురదలోనే కూలబడ్డాడు.

"వాగుది తప్పు గాదు, తాడుది గాదు. అందరం భయపడ్డం. భయపడి పాటను ఉరికించినం, మూడో ముడి జారకముందే అయిపోగొట్టినం. నేను సుత ఉరికిన, పసిగట్టలె." నా తల నిమిరాడు. "భయమైతే పాపం గాదు బిడ్డా. భయంల ఉన్నప్పుడు పాట ఎట్ల నడుస్తాందో సూసుకో."

నీళ్ళు తగ్గాక బాప్తిస్మం తీసుకున్నాను. పెళ్ళి ఆలస్యమైంది, ఆగలేదు. మా మొదటి బిడ్డను చూడకుండానే బాపు ప్రభువు దగ్గరికి వెళ్ళాడు.

ఇప్పుడూ వాన పడుతోంది. బొగ్గు గనిలో షిఫ్టుకు పోయిన మా అబ్బాయి ఇంకా రాలేదు. అక్కడ ఏదో జరిగిందని, వెంటనే రమ్మని పక్కింటివాళ్ళు కేకేస్తున్నారు. నా పెదవుల మీద ప్రార్థన అప్పుడే పరుగెడుతోంది. ఆపాను. చెప్పులు వేసుకొని, గొడుగు తీసుకొని, ఆ పల్లవిని మొదటి నుంచి ఎత్తుకున్నాను, ఆదివారం పాడినట్టు. గని దిక్కు గబగబా నడిచాను. పాటను మాత్రం ఉరకనివ్వలేదు.