బస్తా అయ్యి చూడు

వాన పడ్డ రోజు మా జనగామ ఆఫీసు గుమ్మంలో కాళ్లు తుడుచుకోవడానికి గోనెసంచి పరుస్తారు. ఆ తడి గోనె వాసన తగిలితే చాలు, నాకు విమలక్క గుర్తొస్తుంది. నవ్వూ వస్తుంది, నడుమూ నొస్తుంది.

విమలక్కది కేసముద్రం మార్కెట్ పక్కన మక్కల, అదే మొక్కజొన్నల, హోల్‌సేల్ దుకాణం. నా మొదటి ఉద్యోగం అక్కడే. పనులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాక కూడా లారీలు ఎందుకు ఆలస్యంగా కదులుతున్నాయో కనిపెట్టడం నా పని. తూకం, తేమ పరీక్ష, మంజూరు, లోడింగు అంటూ రంగురంగుల గీతలతో బొమ్మ గీసి చూపించాను. అక్క తమలపాకు నములుతూ చాలాసేపు చూసింది.

"బొమ్మ మంచిగుంది పిల్లా. గిండ్ల బస్తా ఏడ కూసుంటది?"

"బస్తా కూసుండదక్కా, ముందుకు పోతది."

"గట్లనా? అయితే పో, నువ్వే బస్తా అయ్యి చూడు. బస్తా కదిలితెనే నువ్వు కదలాలె."

ఎంబీయే చదివిన మనిషిని, వెళ్లి యార్డులో మక్కల బస్తాల మీద కూర్చున్నాను. తూకం చిటికెలో అయింది. తేమ చూశారు. ఆ తర్వాత తెర మీద 'మంజూరు పెండింగ్' అని పడింది, ఇక అంతే. మంజూరు నొక్కాల్సింది అక్క మరిది రాజన్న. ఆయనేమో రేగొండలో పెళ్లి బరాత్‌లో ఎగురుతున్నాడు, ఫోను ఎత్తడు.

"పెండ్లికి పోతూ పిల్లిని సంకన పెట్టుకపోయినట్టు, మంజూరును జేబుల పెట్టుకపోయిండు," అంటూ హమాలీ ఐలయ్య బీడీ ముట్టించాడు. నా వైపు తిరిగి, "మీకు తూకమైందా మేడం?" అని కూడా అడిగాడు.

మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మింది. ఆ మక్కలు పొద్దుటి నుంచి పక్కనే కాచుకున్న రైతు యాకమ్మవ్వవి. లారీ ఎక్కేదాకా సరుకు రైతుదే, తడిస్తే నష్టమూ రైతుదే. అవ్వ దగ్గర ఉన్నది ఒక్కటే టార్పాలిన్ పరదా. చినుకులు మొదలవగానే బస్తాల మీద నుంచి దాని కొస లాగి నా నెత్తిన కప్పింది.

"వద్దవ్వా, మక్కలు తడుస్తయి."

"తడువనీ బిడ్డా. ఆడపిల్లవు, జరమొస్తది."

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. లేచి, "ఎత్తుండ్రి" అని అరిచాను. ఎవరూ కదిలేలోపే నేనే ఒక బస్తా చెవులు పట్టుకున్నాను. అది కదల్లేదు, నా నడుము కదిలింది. అది చూసి హమాలీలు ఉరికొచ్చారు. గొడుగుతో అక్కా వచ్చింది.

"మంజూరెవరిచ్చిన్రే?"

"యాకమ్మవ్వ ఇచ్చిందక్కా."

అక్క నన్నూ అవ్వనూ పరదానూ చూసింది. గొడుగు పక్కన పడేసి, కొంగు బిగించి తనూ ఓ బస్తాకు చెయ్యేసింది. మక్కలు తడవకుండా లారీ ఎక్కాయి. మర్నాటి నుంచి మంజూరు తూకం దగ్గర నిలబడ్డ మనిషి చేతికొచ్చింది.

ఇప్పుడు నేను రకరకాల ఆఫీసుల్లో పనిపద్ధతులు సరిచేస్తుంటాను. ఎక్కడ 'పెండింగ్' అని కనబడ్డా ఊరుకోలేను, "ఈ మాట కింద తడుస్తున్నదెవరు?" అని అడుగుతాను. కొత్తగా చేరినవాళ్లు చాటుగా నన్ను బస్తా మేడం అంటారట. అననీ. వాళ్లనూ ఒక పూట కూర్చోబెడతాను.