జింకల తుపాకీ కింద అట్టముక్క

పెద్దాయన చెప్పులు గుమ్మం బయటే ఉన్నాయి. తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. రెండుసార్లు తట్టాను.

సౌదీలోని ఈ హుఫూఫ్‌లో, సెలవు రోజైన శుక్రవారం నేను వెళ్లగల ఒకే ఒక్క గుమ్మం అది. ఇరవై ఏళ్లు దినపత్రిక డెస్కులో పనిచేశాను. మా ఎడిషన్ మూతపడ్డాక ఇక్కడి ఖర్జూరాల కంపెనీలో ఇంగ్లిష్ ఉత్తరాలు రాసే ఉద్యోగానికి వచ్చాను. వారమంతా కంప్యూటర్‌తోనే. శుక్రవారం మాత్రం కడప నుంచి వచ్చిన మా డ్రైవర్ నన్ను యజమాని తండ్రి తోటకు తీసుకెళ్లేవాడు. అతిథుల గదిలో పెద్దాయన పాత వస్తువులు అమర్చుకున్నాడు: గహ్వా అనే అరబ్బు కాఫీ కూజాలు, ఒంటె జీను, గోడ పొడవునా దాదాపు నా ఎత్తున్న తుపాకీ. దాంతో తన తండ్రి జింకల్ని కొట్టేవాడని ప్రతి వారం చెప్పేవాడు; డ్రైవర్ తెలుగు చేసేవాడు. ప్రతి వారం కొత్తగా విన్నట్టే వినేవాణ్ణి.

"దీంతో జింకను కొడితే కూరకేం మిగుల్తాది సార్, తోక తప్ప?" అనేవాడు డ్రైవర్ తెలుగులో. ఏమన్నాడని పెద్దాయన అడిగితే, మీ నాయన గురిని మెచ్చుకుంటున్నానని అరబిక్‌లో చెప్పేవాడు.

ఆ తుపాకీని నేను మొదటి రోజే గుర్తుపట్టాను. ఒకప్పుడు ఆదివారం అనుబంధానికి దాని గురించి రాశాను. మొదటి ప్రపంచ యుద్ధంలో ట్యాంకులు మీదికొస్తుంటే, జర్మన్లు హడావిడిగా మామూలు రైఫిల్‌నే పెంచి ఇంత చేశారు. ఇద్దరు మనుషులు కావాలి, ఒకసారికి ఒకటే తూటా. పేల్చినవాడి భుజానికి గట్టి దెబ్బ తగిలేది. తర్వాత ట్యాంకుల ఉక్కు మందమయ్యేకొద్దీ ఇలాంటి తుపాకులకు పని లేకుండా పోయింది.

క్రితం వారం చుట్టాలొస్తున్నారని, ఒక్కో వస్తువు కింద పెట్టడానికి ఇంగ్లిష్‌లో అట్టముక్కలు రాయమన్నాడు పెద్దాయన. కూజాలకు రాశాను, జీనుకు రాశాను. తుపాకీ దగ్గరికొచ్చేసరికి డెస్కు చెయ్యి ఆగలేదు. "ట్యాంకుల మీద వాడిన జర్మన్ తుపాకీ" అని రాశాను.

ఆయన చిన్న కొడుకు దాన్ని అందరి ముందూ అరబిక్‌లోకి మార్చి చదివాడు. "అయితే తాతయ్య ట్యాంకుల్ని వేటాడాడన్నమాట!" అన్నాడు. చుట్టాలు పగలబడి నవ్వారు. పెద్దాయన కూడా కొంచెం నవ్వి, చేతిలోని కప్పు కింద పెట్టేశాడు.

"యాడిదని ఆయప్పను ముందే ఒక్కమాట అడిగింటే పోయేది గదా సార్," అన్నాడు డ్రైవర్, మూసిన తలుపు ముందు.

పోయేది. విలేకరి పంపిన వార్తలో ఒక్క ముక్క మార్చాలన్నా ముందు అతనికి ఫోన్ చేయాలని డెస్కులో ఎంతమందికి చెప్పానో! ఇక్కడేమో ఆ రోజు ఆ మనిషి నా ఎదురుగానే కూర్చుని గహ్వా పోస్తూ ఉన్నా అడగలేదు.

జేబులోంచి కొత్త అట్టముక్క తీసి, "మా నాన్న తుపాకీ" అని డ్రైవర్ చేత అరబిక్‌లో రాయించాను. తలుపు కింద నుంచి లోపలికి తోశాను. లోపల పెద్దాయన చేతికర్ర చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది. గడియ కదల్లేదు.

మూడు శుక్రవారాలు గడిచాయి, ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ తుపాకీ ఈ ఖర్జూర తోటకు ఎలా చేరిందో నాకింకా తెలియదు. తెలిసిన మనిషి ఆయనొక్కడే.