అన్నయ్య పేరు కోసం వాషింగ్టన్‌కి

కోవిడ్ రోజుల్లో రిహాబ్ సెంటర్లలో పోయినవాళ్ల మీద ఫెడరల్ విచారణ జరుగుతోందని, కుటుంబాలు వచ్చి మాట్లాడవచ్చని తెలిసిన రోజే ఈ ప్రయాణం ఖాయం చేసుకున్నాను. వేరే రాష్ట్రంలో ఉండే మా అన్నయ్య కాలి ఆపరేషన్ తర్వాత కోలుకోవడానికి అలాంటి చోట చేరి, అక్కడే పోయాడు. కిటికీ అద్దంలోంచి కూడా చూడనివ్వలేదు. ఎందుకని ఒక్కసారి గట్టిగా అడగాలనిపించింది.

న్యూజెర్సీలో మా ప్లెయిన్స్‌బరో నుంచి వెళ్లేవాళ్లు ట్రెంటన్ దాకా డ్రైవ్ చేసి, కారు అక్కడ పెట్టి రైలెక్కడం మేలు. ముందే బుక్ చేస్తే రానూపోనూ నూట ఇరవై డాలర్లయింది. ఆరున్నర రైలెక్కి తొమ్మిది దాటాక వాషింగ్టన్‌లో దిగాను. అక్కడే లా చదువుతున్న మా ఫ్రెండ్ కూతురు సహస్ర స్టేషన్‌కి వచ్చింది. విచారణ జరిగే హాలుకి పావుగంట నడక. నా పులిహోర డబ్బా సెక్యూరిటీ దగ్గరే వదిలేయాల్సి వచ్చింది.

"పర్లేదు ఆంటీ, లంచ్ నేను కొంటా" అంది సహస్ర.

లోపల డెస్క్ దగ్గరావిడ కంప్యూటర్‌లో వెతికి, కుదరదంది. మాట్లాడాలంటే పోయినవారి పేరు రాష్ట్రం పంపిన జాబితాలోనూ ఫెడరల్ జాబితాలోనూ ఒకేలా ఉండాలట. ఫెడరల్ జాబితాలో పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉంది. రాష్ట్రం జాబితాలో ఇంటిపేరు, పేరు తారుమారయ్యాయి. ఆ పొరపాటు ఎవరిదో నాకు వెంటనే అర్థమైంది. అన్నయ్య పోయిన రోజు రాష్ట్రం వాళ్లు డెత్ సర్టిఫికెట్ కోసం ఫోన్‌లో పేరడిగితే, ఏడుస్తూ, మన ఇళ్లలో చెప్పినట్టే ఇంటిపేరుతో మొదలుపెట్టింది నేనే.

"మేం మార్చలేం. రాష్ట్రమే సరిచేసి పంపాలి" అందావిడ. సహస్ర బయటికొచ్చి రాష్ట్రం ఆఫీసుకి ఫోన్ చేసింది. నలభై నిమిషాలకి ఎవరో ఎత్తారు.

"ఏమన్నారమ్మా?"

"లిస్ట్ ఒక్కసారే పంపుతారంట ఆంటీ. ఆల్రెడీ పంపేశారు. చేంజ్ కావాలంటే ఫెడరల్ వాళ్లనే అడగమన్నారు. ఐ యామ్ సో సారీ."

వెనక వరసలో కూర్చున్నాం. మధ్యాహ్నం రెండు గంటలకు అన్నయ్య ఉన్న రాష్ట్రం వంతు వచ్చింది. విచారణకి పూర్తిగా సహకరిస్తున్నామని వాళ్ల లాయరు చెప్పాడు. విచారణ నడిపే పెద్దావిడ మైకులో ఆయనకి థాంక్స్ చెప్పింది. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. నాకు వాళ్ల మీద కోపం రాలేదు, నా మీద నాకే అసహ్యం వేసింది.

అక్కడ మాట్లాడాలని రాసుకొచ్చిన కాగితం తిరుగు రైల్లో విప్పనేలేదు. ఫెడరల్ వాళ్లూ రాష్ట్రం వాళ్లూ మాతో మర్యాదగానే మాట్లాడారు, ఇద్దరూ రెండోవాళ్ల వైపే చూపించారు. ఇక అడగడానికి మూడో చోటు లేదు. మీరు వెళ్లేట్టయితే బయల్దేరకముందే రెండు జాబితాల్లోనూ పేరు చూసుకోండి. ఎవరైనా పోయి అలాంటి ఫోన్ వస్తే, ఎంత ఏడుపొస్తున్నా సరే, పాస్‌పోర్ట్ ఎదురుగా పెట్టుకుని పేరు చెప్పండి.