నడుముకు దోపుకున్న రేకు

మా మేస్త్రి పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను మలక్‌పేటలో ఒకరింట్లో తలుపుకు బందులు బిగిస్తున్నాను. కోత మిషన్ నుంచి ఎగిరొచ్చిన కట్టె కడుపులో తగిలిందట. ఆసుపత్రికి తీసుకెళ్ళినా లాభం లేకపోయింది. "అబద్ధం" అన్నాను ఫోన్లో. ఇంకెవరి గురించి చెప్పినా నమ్మేవాడిని. ఆయన కట్టె దెబ్బకు పోయాడంటే ఎట్లా నమ్మడం?

కిషన్‌బాగ్‌లో దర్వాజాలు, కిటికీలు చేసే దుకాణంలో ఆయన దగ్గర చాలా ఏళ్ళు పనిచేశాను. కోత కంటే ముందు నిలబడటం నేర్పించాడు. మిషన్ ఆన్ చేయకుండా, బ్లేడుకు సూటిగా నేల మీద సుద్దతో గీత గీశాడు. "ఈ గీత మీద నీకు జాగ లేదు. పక్కకు నిలబడి నూకు. కట్టెకు కోపమొస్తే ఎదురు తంతది, నీ మొహం సూడదు" అన్నాడు. చేతులు బ్లేడు దగ్గరికి పోకుండా కట్టెను నెట్టడానికి ఒక నూకుడు కట్టె ఉండేది. దాని కొస నిండా బ్లేడు గాట్లే. కొత్తగా వచ్చినవాళ్ళకు అది చూపించి, "గివన్నీ నా వేళ్ళు" అని నవ్వేవాడు. అడ్డంగా కోసేటప్పుడు ముక్కను బ్లేడు పక్కనుండే గైడు పట్టీకి ఆనిస్తే మాత్రం మీసాలొచ్చినవాడిని కూడా చెవి మెలిపెట్టేవాడు. "నడుమ ఇరుక్కుంటది రా. ఇరుక్కున్నదేదైనా తంతది. మనిషైనా గంతే."

బ్లేడు వెనక ఒక పలుచని ఇనుప రేకు నిలబడి ఉంటుంది. కట్టెను నిలువునా చీలుస్తున్నప్పుడు రెండు భాగాలు మళ్ళీ దగ్గరికొచ్చి బ్లేడును పట్టేయకుండా చూడటం దాని పని. కట్టెను పూర్తిగా చీల్చకుండా గాడి కొట్టాలంటే మాత్రం అది అడ్డం, తీయక తప్పదు. తీసినవాడు మళ్ళీ పెట్టడు. ఏ దుకాణంలో చూసినా ఇదే రోగం. మా మేస్త్రి తీసిన రేకును నడుముకు వెనకవైపు దోపుకునేవాడు. అది ఉన్నంతసేపూ కూర్చోలేడు, చాయ్ వచ్చినా నిలబడే తాగేవాడు. "మేకుకు తగిలిస్తే మేకు మర్చిపోతది. నడుము మర్చిపోదు భాయ్" అనేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం.

దుకాణం యజమాని సేఠ్‌కు నవ్వొచ్చేది కాదు. "ఏంది మేస్త్రీ, పెట్టుడు తీసుడుకే పొద్దు గూకుతది" అని అందరి ముందూ కసిరేవాడు. నేను అక్కడ మానేశాక, చివరికి ఆయన్ని మిషన్ మీద నుంచి తీసేసి పాలిష్ పనిలో పెట్టాడు. మిషన్‌కు ఒక కొత్త మనిషిని తెచ్చాడు. ఆ సంగతి నాతో చెప్పినప్పుడు మేస్త్రి సొంత బాధేం చెప్పుకోలేదు. "మిషన్ పోతే పాయె. రేకు మేకు మీదికెక్కింది. నాకు గదే ఫికర్" అన్నాడు.

అంత్యక్రియల రోజు ఆ కొత్త మనిషి నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "అన్నా, పచ్చి వేపకట్టె చీరుతున్న. బ్లేడును పట్టేసి గుంజుతున్నది. ఏం చెయ్యాల్నో తెల్వలే. మేస్త్రి పాలిష్ గుడ్డ పారేసి ఉరికొచ్చిండు. నన్ను పక్కకు నూకి స్విచ్ బంద్ చెయ్యవోయిండు, గంతలనే ఎగిరింది. నేను నిలబడ్డ జాగలనే తగిలిందన్నా ఆయనకు."

అంటే ఆ గీత మీదికి ఆయన తెలిసే వెళ్ళాడు.

మరి దినాల నాడు భోజనాల దగ్గర సేఠ్ ఏమన్నాడో వినండి. "మంచోడే పాపం. గని గంత తెలిసినోడు బ్లేడుకు ఎదురెందుకు పోయిండు? వయసు మీదవడ్డది, హుషారు తగ్గింది." పక్కన తింటున్నవాళ్ళు తలలూపారు.

"సేఠ్, గా రోజు రేకు ఏడుండె?" అని అడిగాను.

"ఇప్పుడు గదెందుకు? సచ్చిన ఇంట్ల లొల్లి చేస్తవా?" అన్నాడు.

చావు ఇంటి మర్యాద కూడా మేమే కాపాడాలన్నమాట! ఇప్పుడు బస్తీలో ఎవరినడిగినా ఒకటే మాట, మేస్త్రి అజాగ్రత్త వల్ల పోయాడని. పైలం రా, జాగ్రత్త అని బతుకంతా గొంతు చించుకున్న మనిషికి మిగిలిన పేరు ఇది. అందుకే ఇది రాస్తున్నాను. ఆయన ఏమరుపాటున అక్కడ నిలబడలేదు. ఇంకొకరిని తప్పించి నిలబడ్డాడు. బస్తీలో ఒక్కరైనా ఈ మాట అనుకుంటే చాలు నాకు.

మొన్న ఆ నూకుడు కట్టె అడిగి తెచ్చుకుందామని దుకాణానికి వెళ్ళాను. మిషన్ నడుస్తోంది. దాని పక్క గోడకు మేస్త్రి ఫోటో, దండ, మిణుకుమనే కరెంటు దీపం. "సూసినవా, ఎంత ఇజ్జత్ ఇచ్చిన్నో" అన్నాడు సేఠ్. ఫోటో గోడకు సరిగ్గా ఆనలేదు, ఒక పక్క లేచి ఉంది. సరిచేద్దామని జరిపాను. వెనక, అదే మేకుకు, రేకు వేలాడుతోంది.

తీసి నడుముకు దోపుకున్నాను. సేఠ్ స్టూలు నా వైపు జరిపి "కూసో, చాయ్ తాగుదువు" అన్నాడు.

కూర్చోలేదు. మిషన్ ఆగేదాకా అట్లాగే నిలబడ్డాను.