బొటనవేలి గోరంత మూత

మా బాబాయి నలభై ఏళ్లు కళ్ళజోళ్ళు బాగుచేశాడు. దుకాణం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. రెండు పెద్ద షాపుల మధ్య మెట్ల కింద మిగిలిన జాగా. లోపల ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి బయట నిలబడాల్సిందే. వచ్చినవాళ్ళు విరిగిన జోడు ఆయన చేతిలో పెట్టి, కళ్ళు చికిలించుకుని గోడ పట్టుకుని నిలబడేవాళ్ళు. బాబాయి నువ్వుగింజంత మరను పట్టకారుతో ఎత్తి, ఊపిరి బిగబట్టి, రెండు తిప్పులు తిప్పి ఇచ్చేసేవాడు. ఆయన చెయ్యి వణకదని ఊళ్ళో పేరు. ఆ పేరు పోగొట్టింది నేను. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా నాన్న ఆయనకి అన్న. సైన్యంలో ట్యాంకు నడిపేవాడు. నాకు మూడేళ్లప్పుడు పోయాడు. యుద్ధంలో కాదు, విన్యాసాల్లో. వాగు దాటుతుంటే గట్టు విరిగి ట్యాంకు నీళ్లలోకి ఒరిగింది. పైన ఉన్న ముగ్గురూ బయటపడ్డారు. ముందు భాగంలో, కింద కూర్చునే నాన్న తల మీది మూత తెరుచుకోలేదు. ఇంటికొచ్చిన ఉత్తరంలో ఇంతే ఉంది, కింద ఎవరిదో సంతకం. బడిలో మా నాన్న ట్యాంకులో పోయాడని చెబితే, "మేడ మీదదా?" అని ఒకత్తె అడిగింది. దాని జడ పట్టుకుని లాగాను. ఓపిక నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

నాన్నను తీసుకురావడానికి వెళ్లింది బాబాయే. తిరిగొచ్చాక అమ్మ ఆయన్ని ఒక్కటే అడిగిందట. "ఆ మూత ఎలా ఉంటుంది? చేత్తో తెరిచేదేనా?" అని. అమ్మకి అప్పుడు ఇరవై ఐదేళ్లు, బాబాయికి ఇరవై మూడు. ఆయన తల వంచుకుని బయటికి వెళ్లిపోయాడు. అమ్మ మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత నలభై ఏళ్లు ఒకే వీధిలో ఉన్నారు. ఏడాదికి రెండుసార్లు ఆమె జోడు ఆయనే బిగించేవాడు. పాలు విరిగిన సంగతి నుంచి నా పెళ్లి దాకా అన్నీ మాట్లాడుకున్నారు. ఆ ఒక్క ప్రశ్న మాత్రం జవాబు లేకుండా అలాగే ఉండిపోయింది.

అరవై మూడో ఏట బాబాయికి చూపు మసకబారింది. ఏ జోడు పెట్టినా లాభం లేదని, చూపు నడిమధ్యలో పోయి అంచుల్లో మాత్రం మిగులుతుందని కంటి డాక్టరు చెప్పాడు. మహా అయితే ఏడాది అన్నాడు. ఊరందరి కళ్ళజోళ్ళూ బాగుచేసిన మనిషి తన జోడు తీసి జేబులో పెట్టుకుని, దుకాణానికి తాళం వేసి వచ్చేశాడు. వారం తిరక్కుండా ఒక అట్టపెట్టె తెచ్చుకున్నాడు. అందులో ప్లాస్టిక్ ట్యాంకు ముక్కలు, అసలుదానిలో ముప్ఫై అయిదో వంతు. నాన్న నడిపిన రకమే. అమ్మ దగ్గరున్న ఫొటోలో నాన్న చెయ్యి ఆనించి నిలబడ్డది అదే.

"ట్యూబ్‌లైటు మార్చమంటే ఈయనకి కళ్ళు కనబడవు. దీనికి మాత్రం చీమ కాళ్ళు కూడా కనబడతాయి," అంది పిన్ని నాతో. నేనూ నవ్వాను. వయసు మీద పడ్డాక చాదస్తం అనుకున్నాను.

పెట్టెతో పాటు ఒక ఇత్తడి రేకు కూడా వచ్చింది. పోస్టుకార్డు కన్నా చిన్నది, కాగితం కన్నా కాస్త మందం. ఆసిడ్‌తో తినిపించి అందులో దాదాపు వంద భాగాలు తీర్చారు. దీపాల మీది జాలీలు, పెట్టెల గొళ్ళేలు, కొక్కేలు, కీళ్ళు. ప్రతి భాగమూ వెంట్రుకంత కాడతో రేకుకి వేలాడుతూ ఉంటుంది. దాన్ని గాజుపలక మీద పెట్టి, కొత్త బ్లేడుతో కాడ దగ్గర ఒక్క నొక్కు నొక్కాలి. మిగిలిన మొనను ఆకురాయితో అరగదీయాలి. రెండు ఉక్కు స్కేళ్ళ మధ్య పెట్టి మడవాలి. ఒకసారి మడిచిందాన్ని మళ్ళీ విప్పి మడిస్తే విరుగుతుంది. ముక్క ఎగిరిపడితే ఇక ఆ రోజు పని అయినట్టే. టార్చిని నేల మీద పడుకోబెట్టి వెలిగించి, నీడ ఎక్కడ పడుతుందా అని ఇద్దరం బోర్లా పడుకుని వెతికేవాళ్ళం. పిన్ని మమ్మల్ని దాటుకుంటూ పోయి బట్టలు ఆరేసుకునేది.

ఇద్దరం అంటున్నానంటే, అప్పటికి నేనూ అందులో ఇరుక్కున్నాను. నాలుగు నెలలకే ఆయనకి ఎదురుగా పెట్టిన వస్తువు కనబడడం మానేసింది. తల పక్కకి తిప్పి, కంటి చివరనుంచి చూసేవాడు. ఆదివారాలు నేను వెళ్లి ఆయన చెప్పినట్టు చేసేదాన్ని. వేళ్లతో తడిమి తప్పు పట్టుకునేవాడు. "ఎడమ గొళ్ళెం వంకరగా ఉంది తల్లీ," అనేవాడు. నిజంగానే ఉండేది. నాకు ఒళ్ళు మండేది.

అన్నీ అయ్యాక చివరికి మూత మిగిలింది. నాన్న తల మీది మూత. ఈ సైజులో బొటనవేలి గోరంత ఉంటుంది. దాన్ని అతికించేద్దామంటే బాబాయి ఒప్పుకోలేదు. ప్లాస్టిక్‌లోనే పోసి ఉన్న ఉత్తుత్తి కీలును ముందే చెక్కించేశాడు. దాని బదులు రేకులోని ఇత్తడి కీలు పెట్టాలట, మూత లేవాలట.

"తెరిచి ఉన్నట్టు అంటించేస్తే పోదా బాబాయ్? ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

ఆయన మూతను నా అరచేతిలో పెట్టాడు. తర్వాత, ఎవరికీ చెప్పని సంగతి నాకు చెప్పాడు. ఆయన వెళ్లేసరికి ట్యాంకును గట్టు మీదికి లాగి పెట్టారట. "నేను పట్టుకుని ఎత్తాను తల్లీ. ఒక్క చేత్తో. చప్పుడు కూడా లేకుండా లేచింది. నీళ్లలో ఉన్నప్పుడే లేవలేదు. ఆ మాట మీ అమ్మతో ఎలా చెప్పను? చెప్పలేను. ఇది ఆవిడ చేతిలో పెడతాను. ఒకసారి తనే తెరిచి చూసుకుంటుంది." కీలు రేకులో ఒక్కటే ఉంది. ఇంకోటి లేదు.

ఇదంతా విన్న తర్వాత కూడా నేను చేసిన పని ఇది.

కీలులో దూర్చే తీగముక్కకి ముందు నూనె రాయాలి. ఎందుకంటే కీలును అంటించే జిగురు నీళ్లలా పలచన. ఎక్కడ సందు దొరికితే అక్కడికి తనే పాకి క్షణాల్లో రాయి అవుతుంది. నూనె ఉన్నచోట పట్టదు. కళ్ళజోళ్ళ కీళ్ళకి నలభై ఏళ్లు నూనె వేసిన మనిషి, నాకు మూడుసార్లు చెప్పాడు. తీగ దూర్చడానికే నాకు గంట పట్టింది. రెండుసార్లు కింద పడింది. మెడ పట్టేసింది. నూనె సీసా చూస్తే బల్ల అవతలి కొసన ఉంది.

"నూనె పెట్టావా?" అన్నాడు.

"పెట్టాను," అన్నాను.

సూదిమొనతో పెట్టాల్సిన జిగురు ట్యూబుతోనే పెట్టేశాను. ఆ రోజు నాకు ఎక్కడికీ వెళ్లే పని లేదు. ఉండి ఉంటే కనీసం ఒక సాకు ఉండేది. ఊరికే విసుగు, అంతే. బాబాయి ఇరవై దాకా లెక్కపెట్టి, చూపుడువేలు గోరు మూత అంచు కింద పెట్టి పైకి నెట్టాడు. కదల్లేదు. మళ్ళీ నెట్టాడు. బలంగా నెడితే ఇత్తడి వంగుతుంది, జిగురు కరిగించే మందు పోస్తే ప్లాస్టిక్కూ కరుగుతుంది. కీలు మీద వేలు ఒకసారి రాసి, రెండువేళ్లూ రుద్దుకుని చూసుకున్నాడు. నూనె జిడ్డు తగల్లేదు. ఆయనకి అర్థమైపోయింది. "కాఫీ తాగి వెళ్లు," అన్నాడు.

అప్పటికి ఆయనకి అంచుల్లో చూపు కూడా వెలుతురు, చీకటి తెలిసేంత మాత్రమే మిగిలింది. ఇంకొకటి మొదలుపెట్టే ఆశ లేదు. తర్వాతి ఆదివారం అమ్మను పిలిపించాడు. అమ్మ కుర్చీలో కూర్చుంది. ఆయన తడుముకుంటూ ట్యాంకు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. అమ్మ జోడు సవరించుకుని చాలాసేపు చూసింది. గొళ్ళేలు, జాలీలు, పక్కన తెల్లరంగుతో వేసిన అంకె. ఫొటోలో ఉన్న అంకె.

"ఇదేనా ఆ మూత?" అంది.

"అదే వదినా."

అమ్మ గోరు పెట్టి ఎత్తబోయింది. రాలేదు. ఇంకోవైపు నుంచి ప్రయత్నించింది.

"తెరుచుకోదా?"

నేను నోరు తెరవాల్సింది అప్పుడే. బాబాయి నావైపు కాదు, గోడవైపు చూస్తూ చెప్పాడు. "తెరుచుకోవాలనే చేశాను వదినా. ఆఖర్న నా చెయ్యి వణికింది. జిగురు లోపలికి పోయింది."

అమ్మ గోరు ఇంకా మూత అంచు కిందే ఉంది. కొంతసేపటికి, "లోపల్నించి ఎంతసేపు నెట్టాడో," అంది. నలభై ఏళ్లలో అమ్మ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. బాబాయి ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూలబడ్డాడు. ఒక్క చేత్తో లేచిందన్న మాట ఆయన ఆ రోజూ చెప్పలేకపోయాడు, తర్వాతా చెప్పలేదు.

ఏడాదిన్నరకి బాబాయి పోయాడు. పరామర్శకి వచ్చినవాళ్ళంతా పాపం చివర్లో చెయ్యి కూడా వణికేదట కదా అన్నారు. ఆ మాట ఎలా పాకిందో తెలియదు. నేను కాదనలేదు.

వాళ్ళంతా వెళ్లిపోయాక, మా ఇంట్లో అమ్మ అలమారు తుడుస్తూ ట్యాంకు చేతిలోకి తీసుకుంది. అలవాటు ప్రకారం గోటితో మూత ఎత్తబోయింది. తర్వాత నావైపు తిరగకుండానే అంది.

"నా జోడు ఎన్నిసార్లు బిగించాడో లెక్కలేదు. మొన్న మొన్నటిదాకా, కళ్ళు కనబడకుండానే. ఆయన చెయ్యి ఎప్పుడూ వణకలేదే."

"నూనె పెట్టలేదమ్మా," అన్నాను. "పెట్టానని చెప్పాను."

అమ్మ ట్యాంకును దాని చోట పెట్టి, గుడ్డ మడతపెట్టి, వంటింట్లోకి వెళ్లింది. ఆయన ఒక్క చేత్తో ఎత్తిన సంగతి ఇప్పుడు ఎవరైనా చెప్పాలంటే నేనే చెప్పాలి. ఇంకా చెప్పలేదు.